పన్నెండు మందికి ఒక కోటు

మా పద్నాలుగో నెంబరు రూంల
పన్నెండు మందిమి, ఒక కోటు.
నీలి రంగుది. ఎడమ మోచేతి కాడ చినిగింది.
దేశం పోతూ పోతూ మిస్రీ ఇంజినీరొకాయన
చెత్త డబ్బా మీద మడిచి పెట్టిపోతే
లింబాద్రి తెచ్చి, ఉతికి,
తలుపెనక మొలకు తగిలేసిండు.

శుక్రారం, నమాజు మైకు ఆగినంక
ఒకలెంబడి ఒకలం అండ్ల దూరేది.
కింద లుంగీ, మీద కోటు.
ఫోటోల నడుం దాకనే పడ్తది గద!
ఎంత తోమినా గోర్ల సిమెంటు పోదు,
అందుకే చేతులు జేబులల్ల.
సజా రోడ్డు మీద కార్ల షోరూం ముంగట
ఎవని కారో ఎనుక పెట్టుకొని
సార్ల లెక్క నవ్వేటోళ్లం.

ఆ నవ్వు ఊరికి చేరినంక ఫోన్లొచ్చేటివి.
"చిన్నోని పుట్టెంటికలకు యాభై వేలు."
"బాయికి కొత్త మోటరు."
"నువ్వు గాక ఇంకెవడు పెడ్తడు?"
లేదందామంటే
మొలకున్న కోటు నా దిక్కే చూసేది.
ఉన్నదని చెప్పి
మలబారీ దుకాణంల చేబదులు తెచ్చేటోన్ని.
నూటికి మూడు మిత్తి కట్టుకుంట
ఏడేండ్లు ఉన్నోని లెక్క బతికిన.

ఊరికి చెప్పిన అబద్ధం అది.
నాకు నేను చెప్పుకున్నది ఇంకోటున్నది.
మాల్ కాడ అద్దాల తలుపు,
దానంతటదే తెరుసుకునేది.
ముంగటికి పోతే చాలు.
నేను మాత్రం పక్కకు నిలవడి
ఎవలన్న ఇస్త్రీ బట్టలాయన వస్తే
ఆయనెనుక, ఆయన తెరిచిన గాలిల,
దొంగ లెక్క లోపటికి పోయేటోన్ని.
ఆ తలుపుకు కండ్లు లేవు, బతాకా అడుగది.
"నీకు తెరువది పో" అన్నది
నా లోపటి నోరే.

పోయిన రంజాన్‌కు భూమేశ్ వచ్చిండు.
మల్లాపూర్ దిక్కు పోరడు, మీసం సరిగ రాలె.
సూట్‌కేసు దించకముందే
మొల దిక్కు చూసి ఆగిపోయిండు.
"అన్నా, గీ కోటు... నీ ఫోటోలున్నదే గదా?"
వాళ్లమ్మ రెండు బర్లను అమ్మిందట,
ఏజెంటుకు లక్షా ఇరవై కట్టిందట,
నా లెక్క కావాలెనని.
ఎవ్వలం మాట్లాడలె.
కుక్కర్ కూత మీద కూత ఏసింది,
లేచి బంద్ చేసేటోడు లేడు.

మాడిన పప్పు తినుకుంట
లింబాద్రే మొదలువెట్టిండు:
"నాకు ఆరు వేల దిర్హంల అప్పున్నది."
నాకు తొమ్మిదన్న.
సత్తెన్నకు గుండె నొప్పట, రెండేండ్ల సంది.
ఒక్కో నోరు తెరుసుకుంటుంటే
రూం జరంత ఎడల్పయినట్టనిపించింది.
మంచాలు గవే, మనుషులం గంతే మందిమి.

కోటును పారేద్దామన్నరు కొందరు.
సత్తెన్న ఒప్పుకోలె. ఒకప్పుడు సిరిసిల్లల
మిషిని కుట్టిన చెయ్యి ఆయనది.
లోపటి జేబుకు గట్టి బట్టేసి కుట్టిండు.
ఇప్పుడు జీతం నాడు తలా ఇరవై ఆ జేబుల.
లెక్క రాయాలె, వద్దు అని పెద్ద కొట్లాటే అయింది,
ఇంక తెగలె.
మొదటి పైసలు సత్తెన్న దవాఖానకు,
తర్వాత పక్క రూం నేపాలాయన పన్నుకు.
పోయిన నెల ఎవడో వంద తీసుకున్నడు, చెప్పలె.
జేబును మాత్రం కుట్టెయ్యలె.

ఆ వారమే ఫోటో దిగిన, కోటు లేకుంట,
బాయిలర్ సూటు మీద, చేతులు బయటికి పెట్టి.
ఇంటిది చాలాసేపు చప్పుడు చెయ్యలె.
కట్టయిందేమోనని ఫోను చూసుకున్న.
అప్పుడన్నది:
"నేను బీడీలు చేస్తున్న, మూడేండ్ల సంది.
నీ కోటు చూసి,
నీకు నామోషి అయితదని చెప్పలె."

ఇద్దరం నవ్వినమో ఏడ్చినమో యాదికి లేదు.
"రోజుకు ఎన్ని?" అని మాత్రం అడిగిన.
"ఏడు నూర్లు" అన్నది,
గొంతుల కొంచెం గర్వంతోని.